సెలవు చీటీలో రెండు మాటలు

పోయిన నెల మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరయ్యారు. తిరుపతి ఏఐఆర్ బైపాస్ రోడ్డులో చిన్న హాలు తీసుకుని సభ పెట్టాం. శాలువా, పూలదండ, స్వామివారి పటం, అన్నీ మామూలే. మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఒకటే చెప్పారు: ఆయన సెలవు పెట్టే మనిషి కాదు. మా మేనేజరు ఇంకాస్త ముందుకెళ్ళి, "రెండో పాప పుట్టిన రోజు కూడా డ్యూటీకి వచ్చినాడండీ ఈ మనిషి" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను గట్టిగానే కొట్టాను.

ఆయన భార్య ముందు వరసలో కూర్చుని ఉన్నారు. భోజనాల దగ్గర మా అకౌంట్స్ మేడం ఆమెను పలకరిస్తూ, "మరి ఆ రోజు మీ దగ్గర ఎవరున్నారమ్మా?" అని అడిగారు. ఆమె పెరుగన్నం కలుపుకుంటూ, "మా చెల్లెలుండింది. దానికప్పుడు పల్ప్ ఫ్యాక్టరీలో పని, మామిడికాయల సీజను. నాగాలు ఎక్కువైనాయని దాన్ని తీసేసినారు" అన్నారు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. మామిడికాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

నేను పద్నాలుగేళ్ళుగా ఈ ఆఫీసులో హాజరు, సెలవుల లెక్క చూస్తున్నాను. ఆ పెద్దాయన పేరుకు ఎదురుగా వరసగా పడిన 'పి' అక్షరాలను నెలనెలా లెక్కపెట్టింది నేనే. వాటిలో కొన్ని, చిత్తూరు వైపు ఎక్కడో ఒకామె కూలి పోగొట్టుకుంటే పడినవని నాకు ఎన్నడూ తట్టలేదు. తట్టాల్సింది.

"ఆడవాళ్ళు సెలవులు ఎక్కువ పెడతారు" అనే మాట మీరూ వినే ఉంటారు. నేనూ అన్నాను. కొత్తవాళ్ళను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడు కూడా అన్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. మా రిజిస్టరులో ఆడవాళ్ళ సీఎల్స్, అంటే ఏడాదికి ఇన్నని ఇచ్చే క్యాజువల్ లీవులు, వినాయక చవితి దాటేసరికి చాలామందికి అడుగంటుతాయి. మగవాళ్ళవి డిసెంబరులో ఇంకా ఉంటాయి. మురిగిపోతాయని ఆఖరి వారంలో వరసబెట్టి వాడుకుంటారు. లెక్క సరిగ్గానే ఉంది. అది ఎవరి పని లెక్క, ఎవరి ఖాతాలో పడింది అన్నదే ఇప్పుడు నన్ను తొలుస్తున్న ప్రశ్న.

చీటీల కట్ట

సభ అయిన వారం తర్వాత, ఒక శనివారం మధ్యాహ్నం బీరువా మీది పాత సెలవు చీటీల ఫైళ్ళు దించాను. మాకు ఆన్‌లైన్ అప్లికేషన్ వచ్చి మూడేళ్ళే అయింది. అంతకుముందు అంతా కాగితమే. చిల్లులు పొడిచి, ట్యాగు కట్టిన కట్టలు. దుమ్ము దులిపి వరసగా చదువుతూ పోయాను. పేరు చూడకుండానే ఏది మగవాళ్ళు రాసిందో, ఏది ఆడవాళ్ళు రాసిందో చెప్పగలిగాను.

మగవాళ్ళ చీటీల్లో కారణం దగ్గర రెండే మాటలు: సొంత పని. కొందరు అదీ రాయలేదు, తేదీ వేసి సంతకం పెట్టారు. ఆడవాళ్ళ చీటీ ఒక్కొక్కటీ పెద్ద ఉత్తరం. ఒకామె రాసింది దాదాపు ఇలా ఉంది: మా అత్తగారికి షుగరు పెరిగి నిన్న రాత్రి నుంచి తల తిరుగుతున్నందున, మా వారు క్యాంపులో ఉన్నందున, తీసుకుపోవడానికి వేరే దిక్కు లేనందున, దయచేసి ఈ ఒక్కరోజు సెలవు ఇప్పించ ప్రార్థన, పెండింగ్ బిల్లులు రేపు సాయంత్రం ఆగి పూర్తి చేస్తాను. 'ఈ ఒక్కరోజు' కింద గీత గీసి ఉంది. నీలం ఇంకు, రెండు గీతలు.

ఆ సెలవు ఆమెకు కంపెనీ రాసిచ్చిన హక్కు. ఆ మగవాళ్ళ సెలవుకూ దానికీ రూలులో తేడా లేదు. అయినా ఆమె అడుక్కుంటున్నట్టు రాసింది, వాళ్ళు తెలియజేస్తున్నట్టు రాశారు. ఆమెకు అలా రాయడం నేర్పింది నాలాంటివాళ్ళమే. మగవాడు 'సొంత పని' అని రాస్తే నేను ఎన్నడూ ఏం పనని అడగలేదు. ఆడవాళ్ళు అలా రాస్తే, "ఏమ్మా, ఏంది విషయం?" అని అడిగేవాణ్ణి. మంచితనంతోనే అడుగుతున్నాను అనుకునేవాణ్ణి. రెండుసార్లు అడిగితే మూడోసారి ఎవరైనా ముందే రాసేస్తారు.

సెలవును ఇద్దరూ ఒకే కన్నుతో చూడరని నాకప్పుడు అర్థమైంది. మగవాడికి సీఎల్ తన జేబులో డబ్బు. ఆడమనిషికి అది ఇంటి డబ్బు. మా డిస్పాచ్ సెక్షన్‌లో ఒక అమ్మాయి ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. ఒకరోజు ఒళ్ళు కాలిపోతుంటే స్వెట్టరు వేసుకుని వచ్చి కూర్చుంది. ఇంటికి పొమ్మన్నాను. "ఇప్పుడు నా జ్వరానికి వాడేస్తే, రేపు పిల్లోడికొస్తే ఏం చేసేది సార్?" అంది. "నాకు సీఎల్స్ చీటీ పాట లాంటివి. ఇంట్లో ఎవరికి అవసరమొస్తే వాళ్ళకి ఎత్తియ్యాల." ఆమె ఆ ఏడాది తన కోసం ఎన్ని వాడుకుందో నేను చూశాను. ఒక్కటి కూడా లేదు.

గేటు దగ్గర మూవ్‌మెంట్ రిజిస్టరు అని ఇంకొకటి ఉంటుంది. డ్యూటీలో బయటికి వెళ్తే టైము రాయాలి. అందులో ఆడవాళ్ళ పేర్లు నిండుగా ఉంటాయి: స్కూలు నుంచి ఫోను, బ్యాంకు, మందుల షాపు, ఇరవై నిమిషాలు. మగవాళ్ళ పేర్లు పల్చగా ఉంటాయి. టీ అంగడి దగ్గర ముప్పావు గంట నిలబడినవాళ్ళ పేరు అందులో ఉండదు, ఎందుకంటే టీకి పోవడం మా దృష్టిలో బయటికి పోవడం కాదు.

పౌర్ణమికి మావాళ్ళు నలుగురైదుగురు అరుణాచలం గిరిప్రదక్షిణకు పోతారు. రాత్రంతా 14 కిలోమీటర్లు నడిచి, తెల్లవారి బస్సెక్కి, పదిన్నరకు వచ్చి వేలిముద్ర వేస్తారు. పర్మిషన్ కింద సర్దుతాం. మధ్యాహ్నం దాకా కుర్చీలో మనిషి ఉంటాడు, పని ఉండదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే వేషం మొక్కు ఉన్నవాళ్ళు వరసగా రారు. బైరాగి వేషం, బండ వేషం, దొర వేషం. నేనూ చిన్నప్పుడు వేషం కట్టినవాణ్ణే. ఊరి పండగకు మనిషి పోవాల్సిందే, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ వారం మా రిజిస్టరులో మగవాళ్ళ సెలవులే ఎక్కువ, అయినా "మగోళ్ళతో ఇదే తంటా" అని ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా అనగా నేను వినలేదు. అదే వారం ఆడవాళ్ళూ సెలవు అడుగుతారు, చుట్టాలు దిగుతారు కాబట్టి. వాళ్ళకు అంబలి కాచాలి, పొంగళ్ళు పెట్టాలి, వేషం కట్టి వచ్చినవాడికి నీళ్ళు తోడాలి.

మా ఇంటి లెక్క

రెండేళ్ళ కిందట మా కంపెనీలో ఏడాదంతా ఒక్క సెలవూ పెట్టనివాళ్ళకు గోడ గడియారం ఇచ్చారు. తీసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. అది ఇప్పటికీ మా హాల్లో ఉంది.

నా భార్య ప్రభుత్వ టీచరు. పాకాల వైపు స్కూలు, రోజూ బస్సులో పోయి వస్తుంది. సభ నుంచి వచ్చిన రాత్రి, "నాకు గడియారం ఇచ్చిన సంవత్సరం నీ సీఎల్స్ ఏమైనాయి?" అని అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. బీరువాలోంచి ఆ ఏడాది డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. సెలవు రాసిన రోజున తేదీ చుట్టూ సున్నా చుట్టుకుంటుంది.

మా అమ్మ కుడి కంటికి శుక్లం ఆపరేషన్, దాని తర్వాత మూడు చెకప్పులు. బాబుకు అమ్మవారు పోస్తే వారం రోజులు. మా చెల్లెలి సీమంతం. ఇంటికి కొత్త కరెంటు మీటరు పెట్టడానికి మనిషి వస్తానన్న రోజు, అతను రాకపోతే మళ్ళీ ఇంకో రోజు. తన కోసం వాడుకుంది అర రోజు, పన్ను పీకించుకోవడానికి. మహిళా టీచర్లకు మామూలు 15 సీఎల్స్ కాక ఇంకో 5 ప్రత్యేక సీఎల్స్ ఉంటాయి. అవీ అయిపోయాయి. మా అమ్మ కన్ను, నా కొడుకు జ్వరం, నా చెల్లెలి సీమంతం. అవన్నీ 'సెలవులు ఎక్కువ పెట్టే ఆడటీచరు' లెక్కలో పడి ఉంటాయి ఆ స్కూల్లో. నా ఖాతాలో గడియారం పడింది.

"నాకూ 12 సీఎల్స్ ఉండినాయి కదా, చెప్పి ఉండొచ్చు" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీరెప్పుడూ ఆ పొద్దు ఆఫీసులో ఏం పనుందో చెప్తారు. నాకు ఏ క్లాసుందో మీరు అడగరు" అంది. అప్పటికి డైరీ మూసేసింది.

దేశమంతటా 2019లో టైమ్ యూజ్ సర్వే చేశారు, జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని అందులో తేలింది. ఈ అంకె నేను ముందే చదివాను, వాట్సాప్‌లో ఎవరికో పంపాను కూడా. డైరీలో సున్నాలు చూసిన రాత్రి దాకా అది నా ఇంటి సంగతి అనిపించలేదు.

మగవాడి ఫుల్ అటెండెన్స్ అనేది అతని ఒక్కడి సంపాదన కాదు. ఇంకో చోట ఇంకొకరు రాకపోవడం వల్లే అతను రాగలుగుతాడు. ఆ ఇంకొకరు టీచరైతే సీఎల్ పోతుంది. పల్ప్ ఫ్యాక్టరీలో కూలి అయితే ఉద్యోగమే పోతుంది. ఫ్యాక్టరీల్లో నెలంతా నాగా లేకపోతే ఇచ్చే అటెండెన్స్ బోనస్ ఉంటుంది. ఒక్కరోజు పోతే ఆ రోజు కూలితో పాటు అదీ పోతుంది. శ్రీసిటీ వైపు పల్లెల్లో తెల్లవారక ముందే కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడపిల్లలను ఎప్పుడైనా చూడండి. బస్సు పోతే ఆ రోజు పోయినట్టే. పిల్లకు వాంతులని, అత్త పడిపోయిందని చీటీ రాసుకునే వీలు కూడా అక్కడ ఉండదు.

నాకున్న అనుమానాలు

ఇదంతా విని మా అకౌంట్స్ మేడం ఒప్పుకోలేదు. ఆమె మాట తీసిపారేయలేను. "మేమూ పిల్లల్ని కన్నాం సార్. మేమెవరినీ సానుభూతి అడగలేదు. ఇట్లా రాసి రాసి మీరు మమ్మల్ని ఇంకా ఇంటి మనుషుల్నే చేస్తున్నారు" అన్నారు. సెలవు విషయంలో ఆడవాళ్ళ మీద ఆమెంత కఠినంగా ఉండే మనిషి మా ఆఫీసులో లేరు. మొదట అది నాకు అన్యాయంగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, ఒక్క ఆడమనిషి సెలవు పెడితే పేరు అందరికీ వస్తుంది. ఆమె ఇరవై ఏళ్ళుగా ఆ పేరు రాకుండా కాపు కాస్తోంది. మగవాడు సెలవు పెడితే ఆ ఒక్కడే రానట్టు. ఇంకో మగవాడు దానికి జవాబు చెప్పక్కర్లేదు.

ఇంకో అనుమానం పెద్దది. మా దగ్గర పెళ్ళికాని అమ్మాయి ఒకతె ఉంది. ఎవరి పిల్లకు బాగాలేకపోయినా ఆ పని ఈమె మీద పడుతుంది. "నీకేముంది, ఇంటికి పోయి ఏం చేస్తావు" అంటారు. దీపావళికి ముందు రోజు కూడా ఆగింది. వాళ్ళ నాయన చంద్రగిరిలో ఒంటరిగా ఉంటాడు. ఆమె కోపం పిల్లల తల్లుల మీదే, నేను చెప్పే కథ ఆమెకు ఎక్కదు. ఆమె సాయంత్రాలు పోతున్నది నిజం. దానికి కారణం ఆ తల్లులా, ఆ పిల్లల తండ్రులా, లేక మనిషి రాకపోతే బదులు మనిషిని పెట్టని మా కంపెనీయా అంటే, ముగ్గురి పేర్లూ చెప్పాల్సి వస్తుంది. ఈ అమ్మాయికి వచ్చే ఫైలు మీద మాత్రం ఆ తల్లి పేరే కనిపిస్తుంది కాబట్టి కోపం అక్కడే ఆగుతుంది.

నెలసరి సెలవు సంగతీ ఇలాంటిదే. బీహార్ ప్రభుత్వం 1992 నుంచే ఆడ ఉద్యోగులకు నెలకు రెండు రోజులు ఇస్తోంది. 2024 జులైలో సుప్రీంకోర్టు ముందుకు ఈ విషయం వచ్చినప్పుడు, ఇది తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకోవడానికే జంకుతారేమో అని కోర్టు అంది. మా ఆఫీసులో చిన్న వయసు అమ్మాయిలు ఆ సెలవు కావాలన్నారు, పెద్దవాళ్ళు వద్దన్నారు. నాకు తేల్చి చెప్పే అర్హత లేదు. కానీ ఇంటర్వ్యూల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒకటి తెలుసు. కోర్టు భయపడింది నాలాంటివాళ్ళకే.

మగవాళ్ళందరూ నాలాగే ఉన్నారని కూడా అనను. మా స్టోర్స్‌లో ఒక కుర్రవాడు, భార్యది శ్రీకాళహస్తిలో నర్సు ఉద్యోగం. పాపకు డెంగీ అని తెలిసిన రోజు సెలవు చీటీలో 'నాకు జ్వరం' అని రాశాడు. తర్వాత టీ దగ్గర అసలు సంగతి చెప్పాడు. పాపకని ఎందుకు రాయలేదు అంటే, "రాస్తే ఏమంటారో తెలుసు కదన్నా. ఇంట్లో ఆడోళ్ళు లేరా అంటారు" అన్నాడు. ఆడమనిషి చీటీలో పిల్లల జ్వరం రాస్తే అలవాటు అంటాం, మగవాడు అదే రాస్తే చేతకానితనం అంటాం. అందుకే అతను తన జ్వరం అని అబద్ధం రాశాడు. రిజిస్టరులో ఒక తండ్రి పిల్ల పక్కన కూర్చున్న రోజు, సిక్ లీవుగా పడింది. 'సొంత పని' అని రాసిన వందల చీటీల్లో అలాంటివి ఎన్నున్నాయో. మగవాళ్ళను నేను తక్కువ చేసి చూశానేమో అనే అనుమానం ఇప్పటికీ ఉంది.

రూలు ఎవరిని చూస్తుంది

2017లో ప్రసూతి చట్టం మార్చి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు, మొదటి ఇద్దరు పిల్లలకు. మంచి పని. అయితే ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కిందికి రాని ఉద్యోగికి ఆ జీతమంతా యజమానే భరించాలి. అందుకని పెళ్ళైన అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే కళ్ళు కళ్ళు చూసుకుంటాయి. నోటితో ఎవరూ అనరు. ఆ చట్టమే 50 మంది, అంతకు పైగా ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా చెప్పింది. సెలవు వారాల గురించి మాట్లాడినంతగా ఈ గది గురించి ఎవరూ మాట్లాడరు.

తండ్రికి ప్రైవేటు ఉద్యోగంలో చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు. ప్రభుత్వంలో 15 రోజులుంది. మా కంపెనీ తనంతట తానే 5 రోజులు ఇస్తుంది. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో కదా. భార్య ఆర్నెల్లు తల్లి దగ్గర ఉంటే ఇక్కడ ఇతను ఏం చెయ్యాలి సెలవు పెట్టి? మా వాళ్ళు ఆ ఐదు రోజులూ పుణ్యాహవాచనానికీ, బారసాలకీ వాడుకుంటారు, లేదా వదిలేస్తారు. ఆచారం తప్పనడం లేదు, తల్లి దగ్గర దొరికే విశ్రాంతి ఇంకెక్కడా దొరకదు. కానీ బిడ్డను ఎత్తుకోవడం తండ్రి నేర్చుకోవాల్సిన మొదటి నెలల్లో అతను నూరు కిలోమీటర్ల దూరంలో ఫుల్ అటెండెన్స్‌తో ఉంటాడు. బిడ్డ ఇంటికొచ్చేనాటికి తల్లికి అన్నీ వచ్చు, ఇతనికి ఏమీ రాదు. తర్వాత జ్వరమొస్తే ఎవరు సెలవు పెట్టాలో అడగనక్కర్లేకుండా తేలిపోతుంది.

పిల్లల సంరక్షణ సెలవు చూడండి. కేంద్ర ఉద్యోగుల్లో తల్లికి సర్వీసు మొత్తంలో 730 రోజులు. 2018లో దాన్ని మగవాళ్ళకూ ఇచ్చారు, కానీ ఒంటరి తండ్రులకు మాత్రమే. అంటే భార్య చనిపోతేనో, విడిపోతేనో, అసలు పెళ్ళే కాకుంటేనో తప్ప ఆ మగవాడికి పిల్లల పని లేదన్నట్టు. భార్య ఉన్న తండ్రికి కూడా కొన్ని రోజులు ఇవ్వాలని, అతను వాడుకోకపోతే మురిగిపోవాలి తప్ప ఆమెకు బదిలీ కాకూడదని నేను అనుకుంటున్నాను. ఆ రోజుల్లో సినిమాకు పోయేవాళ్ళుంటారు. ఉంటారు. సీఎల్ పెట్టి సినిమాకు పోయేవాళ్ళున్నారని సీఎల్స్ తీసేయలేదు కదా.

ఎడమ కన్ను

మొన్న మా అమ్మ ఎడమ కంటికి ఆపరేషన్. నేను సెలవు పెట్టాను. కారణం దగ్గర 'సొంత పని' అని సగం టైపు చేసి చెరిపేశాను. "మా అమ్మకు కంటి ఆపరేషన్, నేను తోడు ఉండాలి" అని రాశాను. మేనేజరు పిలిపించారు.

"ఇంట్లో మేడం లేరా?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే.

"ఉన్నారు సార్. స్కూలుంది."

ఆయన ఒక క్షణం నా ముఖం చూసి ఓకే నొక్కారు.

ఆస్పత్రిలో బల్ల మీద పదిమంది దాకా కూర్చుని ఉన్నాం. ముసలివాళ్ళ పక్కన కోడళ్ళో కూతుళ్ళో ఉన్నారు. ఒడిలో ఫైలు, చేతిలో నీళ్ళ బాటిలు. మగవాళ్ళు ఒకరిద్దరు దింపేసి బండి దగ్గరికి వెళ్ళిపోయారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "కోడలు రాలేదా నాయనా?" అని రెండుసార్లు అడిగింది. చుక్కల మందు ఏ కంట్లో ఎన్నిసార్లు వెయ్యాలో, పోయినసారి ఏ బిళ్ళ పడలేదో నాకు తెలియదు. భార్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉంది. లోపలి నుంచి నర్సు వచ్చి అమ్మ పేరు పిలిచి, "పేషెంటుతో ఆడవాళ్ళెవరైనా ఉన్నారా?" అంది. నేను ఫైలు తీసుకుని లేచాను.